చేసిన పనికి ఒక చిట్టా



ఏటా మార్చి నెలాఖరు వచ్చేసరికి ఆఫీసుల్లో ఒక హడావుడి మొదలవుతుంది. ప్రభుత్వ కార్యాలయాల్లో ఏడాది పనితీరు నివేదికలు రాసే కాలం అది. ఇప్పుడు ఏపీఏఆర్ అంటున్నారు, పాతవాళ్ళు ఇంకా సీఆర్ అనే అంటారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే ఏప్రిల్ 15లోగా తాను చేసిన పని గురించి తానే రాసి పై అధికారికి అందజేయాలి. మాదాపూర్, గచ్చిబౌలిలోని ఎన్నో సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో కూడా ఏడాదికో, ఆరు నెలలకో సెల్ఫ్ అప్రైజల్ ఉంటుంది. కంప్యూటర్ తెర మీద ఒక ఖాళీ గడి కనిపిస్తుంది. ఈ ఏడాది మీరు సాధించినవి రాయండి అని అడుగుతుంది.

ఆ గడి ముందు కూర్చున్నవాళ్ళకి ఏం గుర్తొస్తుంది? ఫిబ్రవరిలో చేసింది గుర్తొస్తుంది. జనవరిలో చేసింది కొంత గుర్తొస్తుంది. కిందటి జూన్‌లో నానా తంటాలు పడి గట్టెక్కించిన పని మాత్రం ఎంత తడుముకున్నా తట్టదు. మనిషి జ్ఞాపకం తీరే అంత. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల గుంపులను కంఠస్థం చేసి, ఎంత కాలానికి ఎంత మరిచిపోతున్నారో తన మీదే పరీక్షించుకుని చూశారు. నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం మొదటి కొద్ది గంటల్లో, రోజుల్లోనే జారిపోతుందని 1885లో ప్రకటించారు. రేటింగ్ ఇచ్చే మేనేజరుదీ ఇదే జ్ఞాపకం. ఆయన కింద పదిమందో పదిహేనుమందో ఉంటారు. అందుకే చివరి రెండు నెలల పనే ఏడాది పనిగా చెలామణీ అయిపోతుంటుంది.

చేసిన పనిని ఎప్పటికప్పుడు పోగుచేసుకోవడానికి కృత్రిమ మేధ, అంటే ఏఐ, మనకి ఎలా ఉపయోగపడుతుందో, ఎక్కడ జాగ్రత్త పడాలో ఇవాళ మాట్లాడుకుందాం.

ముందు, ఈ లెక్క ఎందుకు కావాలో చూద్దాం. సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన కేసు ఒకటుంది. దేవ్ దత్ అనే ఆయన సరిహద్దు రహదారుల విభాగంలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. సూపరింటెండింగ్ ఇంజనీరుగా ప్రమోషన్ రావాలంటే వరసగా అయిదేళ్ళ నివేదికల్లో వెరీ గుడ్ అని ఉండాలి. 1993-94 నివేదికలో ఆయనకి గుడ్ అని మాత్రమే రాశారు. అలా రాసిన సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. గుడ్ అంటే మంచి మాటే కదా అనుకుంటాం. ఆ మంచి మాటే ఆయన ప్రమోషన్‌కి అడ్డుపడింది. 2008 మే 12న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, నివేదికలో ఏది రాసినా, మంచైనా చెడైనా, ఉద్యోగికి తెలియజేసి తీరాలనీ, దాని మీద చెప్పుకునే అవకాశం ఇవ్వాలనీ ఆదేశించింది. అప్పటికే ఆయన రిటైరైపోయారు. మరుసటి ఏడాది మే నెలలో కేంద్ర సిబ్బంది శాఖ ఉత్తర్వు ఇచ్చింది. నివేదిక మొత్తం ఉద్యోగికి చూపించాలి, అభ్యంతరం ఉంటే 15 రోజుల్లోగా రాసుకోవచ్చు అని.

ఇది ఉద్యోగులకి దక్కిన పెద్ద హక్కు. కానీ ఆ 15 రోజుల్లో మనం ఏం రాస్తాం? నేను బాగానే పనిచేశానండీ అంటే వినేవాళ్ళు ఉండరు. ఏ తేదీన ఏ పని చేశాం, దానివల్ల ఎవరికి ఏం ఒరిగింది, దానికి కాగితం ఎక్కడుంది, ఇవి చూపించాలి. చెప్పుకునే హక్కు న్యాయస్థానం ఇస్తుంది. చూపించే ఆధారం మనమే దాచుకోవాలి.

ఇక్కడ మనలో చాలామందికి ఒక మొహమాటం అడ్డొస్తుంది. సొంత డబ్బా కొట్టుకోకూడదని చిన్నప్పటినుంచీ విని పెరిగాం. ఆ మర్యాద మంచిదే. అయితే చేయనిది చేశానని చెప్పుకోవడం గొప్పలకు పోవడం. చేసినదాన్ని తేదీతో సహా రాసిపెట్టుకోవడం లెక్క. రెంటికీ పోలిక లేదు. కెనడాలో ఉండే ప్రోగ్రామర్ జూలియా ఎవాన్స్ 2019లో తోటి ప్రోగ్రామర్లకు ఇదే సలహా ఇచ్చారు. చేసిన పనులన్నీ ఒకచోట రాసుకోండి, దాన్ని మీ మేనేజరుకీ చూపించండి, ఆయనకీ మీరు చేసినవన్నీ గుర్తుండవు అని. కొత్తవాళ్ళకు పని నేర్పడం, ఇతరుల కోడ్ చదివి తప్పులు చెప్పడం లాంటి, పైకి కనపడని పనులనూ అందులో చేర్చమన్నారు.

ఆ కనపడని పని దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. మీటింగులో జరిగినవి రాసిపెట్టడం, కొత్తగా చేరిన కుర్రాడికి దగ్గరుండి నేర్పడం, రెండు విభాగాల మధ్య మాట పట్టింపు వస్తే సర్దిచెప్పడం, ఎవరూ ముట్టుకోని పాత ఫైళ్ళను ఒక దారికి తేవడం. ఇవి జరగకపోతే ఆఫీసు నడవదు. జరిగితే ఎవరి కంటా పడవు. ఇవి ఎవరి నెత్తిన పడుతున్నాయో అమెరికాలో లిండా బాబ్‌కాక్, లీస్ వెస్టర్‌లండ్, వారి సహచరులు పరిశోధించి 2017లో ప్రచురించారు. ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిసి ఉన్న బృందంలో, ఎవరికీ ఇష్టంలేని పనికి ముందుకొచ్చేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఎవరైనా చేయండి అని అడగాల్సి వచ్చినప్పుడు కూడా ఎక్కువసార్లు అడిగేది వాళ్ళనే. మన ఆఫీసులు ఎరిగినవాళ్ళు ఇది చదివి ఆశ్చర్యపోరు. రాసి ఉంచకపోతే మొదట మాయమయ్యేది ఈ పనే.

మరి రోజూ ఎవరు రాస్తారు? వెనకటి రోజుల్లో కొట్టు వ్యాపారుల దగ్గర చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు ఉండేవి. ఏ రోజు జరిగింది ఆ రోజు వరసగా ఎక్కించేది చిట్టా. అందులోంచి ఏది ఎవరి ఖాతా కిందికి వస్తుందో విడదీసి రాసేది ఆవర్జా. చేసిన పనికీ ఈ రెండూ కావాలి. రోజుకి రెండు వాక్యాలు చిట్టాలో పడేయడం ఎవరికైనా సాధ్యమే. ఏడాది పొడవునా పడేసిన ఆ వాక్యాలను ఏరి, కలిపి, ఖాతాలవారీగా ఎక్కించడం దగ్గరే అందరికీ ఓపిక చాలదు. ఏఐ బాగా చేయగలిగిన పని సరిగ్గా అదే.

ఇంకో వెసులుబాటు ఉంది. మన చిట్టాలో సగం మనకి తెలియకుండానే రాయబడి ఉంటుంది. క్యాలెండర్‌లో మీటింగులు ఉంటాయి. పంపిన మెయిళ్ళు ఉంటాయి. పూర్తిచేసిన టికెట్లు, అంటే మనకి అప్పజెప్పిన పనుల నమోదులు, ఉంటాయి. ప్రోగ్రామర్లయితే కోడ్‌ను భద్రపరిచే గిట్‌లో ప్రతి మార్పూ తేదీ, సమయం, పేరుతో సహా నమోదై ఉంటుంది. వీటినన్నిటినీ ఒకచోటికి లాగే సాధనాలు ఏఐ ఇంతగా రాకముందునుంచే ఉన్నాయి. జాపియర్, ఎన్8ఎన్, మైక్రోసాఫ్ట్ వాళ్ళ పవర్ ఆటోమేట్ అలాంటివే. గూగుల్ షీట్లు వాడేవాళ్ళు యాప్స్ స్క్రిప్ట్‌తోనూ చేసుకోవచ్చు. శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకి నువ్వే లేచి, ఈ వారం క్యాలెండరూ టికెట్లూ తెచ్చి ఒకచోట పెట్టు అని ఒకసారి చెప్పి ఉంచితే చాలు. ప్రతి వారం అదే చేస్తుంది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తర్వాత దీనికి తోడైన కొత్త మెట్టు ఏమిటంటే, అలా పోగైన ముక్కలను చదివి, మామూలు భాషలో నాలుగు వాక్యాలుగా రాసి, మనల్ని ఎదురు ప్రశ్న కూడా అడగడం.

ఒక ఉదాహరణ చూద్దాం. ఆసుపత్రి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే ప్రోగ్రామర్ అనుకోండి. శుక్రవారం సాయంత్రం ఏఐ రాసిచ్చే చిత్తుప్రతి ఇలా ఉంటుంది. 'బిల్లింగ్ సర్వీసులో ఒక సెట్టింగ్ విలువ మార్చారు. ఒక టికెట్ క్లోజ్ చేశారు. నాలుగు మీటింగులకు హాజరయ్యారు.' ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. పని కూడా ఒక్క ముక్క లేదు. ఆ మనిషి దాన్ని దిద్దితే ఇలా ఉంటుంది. 'రాత్రి పది దాటాక డిశ్చార్జి బిల్లులు ఆగిపోతున్నాయని ఫిర్యాదు వచ్చింది. మూడు రోజులు లాగ్‌లు చదివి కారణం పట్టుకున్నాను. బీమా కంపెనీ సర్వర్ జవాబు ఇచ్చేలోపే మన ప్రోగ్రామ్ ఆశ వదిలేసుకుంటోంది. ఆగే సమయాన్ని 10 సెకన్ల నుంచి 40 సెకన్లకి పెంచాను. ఆ తర్వాత ఆ ఫిర్యాదు మళ్ళీ రాలేదు. లాగ్‌లు వెతకడంలో టెస్టింగ్ బృందం సాయపడింది.' గిట్‌లో చూస్తే మారింది ఒక్క అంకె. దాని వెనక మూడు రోజుల శోధన, దాని ముందు కౌంటర్ దగ్గర అర్ధరాత్రి దాకా నిలబడిన రోగి బంధువులు. అవి యంత్రానికి కనపడవు. మనిషే చెప్పాలి.

అందుకని ఏఐకి ముందుగానే నాలుగు ప్రశ్నలు అప్పజెప్పాలి. ఏం చేశారు? ఎందుకు చేయాల్సి వచ్చింది? దానివల్ల ఎవరికి ఏం మారింది? ఆధారం ఎక్కడుంది? చిత్తుప్రతిలో వీటిలో దేనికి జవాబు లేకపోతే దాన్ని మనల్ని అడగమనాలి. మనం రెండు ముక్కల్లో చెబితే దాన్ని చేర్చి షీట్‌లో భద్రపరుస్తుంది. వారానికి పది నిమిషాల పని.

ఇదంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళకే అనుకోకండి. ప్రాథమిక పాఠశాలలో పనిచేసే ఉపాధ్యాయురాలిని తీసుకోండి. ఆమె హాజరు యాప్‌లో ఉంటుంది, మధ్యాహ్న భోజనం లెక్క యాప్‌లో ఉంటుంది. ఆమె నిజంగా చేసిన పని మాత్రం ఏ యాప్‌లోనూ ఉండదు. ఫోన్‌లో తెలుగులో మాట్లాడితే అక్షరాలుగా మారే సౌకర్యం గూగుల్ 2017లోనే తెచ్చింది. బడి వదిలాక అర నిమిషం ఫోన్‌తో మాట్లాడితే సరిపోతుంది. 'ఇవాళ నాలుగో తరగతిలో వెనకబడిన ముగ్గురితో అరగంట విడిగా కూర్చున్నాను. ఇద్దరు ఒత్తులున్న మాటలు తడబడకుండా చదివారు. మూడో బాబుకి బోర్డు సరిగా కనపడటం లేదనిపించింది. కళ్ళు పరీక్ష చేయించమని వాళ్ళమ్మకి చెప్పాను.'

నెలాఖరున ఈ మాటలన్నీ ఏఐకి ఇస్తే, చదువు ఒక పక్క, పిల్లల ఆరోగ్యం ఒక పక్క, తల్లిదండ్రులతో మాట్లాడినవి ఒక పక్క పెట్టి ఇస్తుంది. నోట్సులో ముగింపు లేని విషయాలేమైనా ఉన్నాయా అని అడిగితే, మూడో బాబు కళ్ళ పరీక్ష సంగతి తర్వాత ఎక్కడా రాలేదు, ఏమైంది అని గుర్తుచేస్తుంది. చూడండి, ఇక్కడ లెక్క ప్రమోషన్ కోసం ఆగిపోలేదు. ఆ బాబు దగ్గరికి ఆమెను మళ్ళీ పంపించింది. ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం ఇదే.

ఇప్పుడు జాగ్రత్తలు. ఏఐ మర్యాదగా, ధీమాగా అబద్ధం రాయగలదు. సాయం చేశాను అని మీరు చెబితే నాయకత్వం వహించాను అని రాస్తుంది. మీరు చెప్పని శాతాలు పుట్టిస్తుంది. అది చదవడానికి బాగుంటుంది, అందుకే ప్రమాదం. మేనేజరు ఎదుట కూర్చున్నప్పుడు ఆ శాతం ఎలా వచ్చిందని అడిగితే తెల్లమొహం వేయాల్సింది మనమే. ఒక్క అంకె తప్పని తేలితే మిగతా నిజాలనూ నమ్మరు. కాబట్టి దానికి గట్టిగా చెప్పి ఉంచాలి. నేనిచ్చిన నోట్సులో లేని అంకె చేర్చవద్దు. ఫలితం తెలియని చోట ఖాళీ వదులు. నేను వాడిన క్రియను పెద్దది చేయవద్దు. ప్రతి వాక్యం పక్కన అది ఏ తేదీ నోట్సులోదో రాయి. ఇలా చెప్పినా సరే, చివర్లో ఒక్కో వాక్యం మన కళ్ళతో చదివి, ఆధారంతో సరిచూసుకున్నాకే పంపాలి.

రెండోది, గోప్యత. 2023లో శామ్‌సంగ్ ఉద్యోగులు కొందరు కంపెనీ ప్రోగ్రామ్ కోడ్‌ను చాట్‌జీపీటీలో పెట్టారని బయటపడ్డాక, ఆ కంపెనీ అలాంటి ఏఐ సాధనాల వాడకాన్ని నిషేధించింది. మన కేంద్ర ఆర్థిక శాఖ కూడా 2025 జనవరిలో, ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ వంటివి వాడవద్దని తన సిబ్బందికి చెప్పింది. మీ ఆఫీసు నియమం ఏమిటో ముందు కనుక్కోండి. ఆఫీసువాళ్ళు అనుమతించిన సాధనం ఉంటే అదే వాడండి. రోగి పేరు, విద్యార్థి పేరు, ఖాతా నంబరు, ఆధార్ నంబరు నోట్సులో రానివ్వకండి. నేను చెప్పిన ఉపాధ్యాయురాలు మూడో బాబు అన్నారే గానీ పేరు చెప్పలేదు, గమనించారా? కాస్త సాంకేతికం తెలిసినవాళ్ళు ఒలామా వంటి సాఫ్ట్‌వేర్‌తో ఏఐ మోడల్‌ను సొంత కంప్యూటర్‌లోనే నడుపుకోవచ్చు. అప్పుడు రాసుకున్నది గడప దాటదు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఈ లెక్క ఎవరిది? 2020లో మైక్రోసాఫ్ట్ తన ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో ప్రొడక్టివిటీ స్కోర్ అని ఒకటి పెట్టింది. ఏ ఉద్యోగి ఎన్ని రోజులు మెయిల్ వాడారు, ఎన్ని రోజులు చాట్ చేశారు అని యాజమాన్యం పేరుపేరునా చూడగలిగేది. ఇది నిఘా అని విమర్శలు వచ్చాయి. ఆ ఏడాది డిసెంబరు మొదట్లోనే అందులోంచి వ్యక్తుల పేర్లు తీసేస్తామని కంపెనీ ప్రకటించింది. పంపిన మెయిళ్ళు లెక్కబెడితే జనం మెయిళ్ళు ఎక్కువ పంపుతారు. టికెట్లు లెక్కబెడితే ఒక టికెట్‌ను మూడు చేస్తారు. పని అలాగే మిగిలిపోతుంది. పైవాళ్ళు మన మీద పెట్టే లెక్కకీ, మన పని గురించి మనం రాసుకునే లెక్కకీ సాంకేతికంగా తేడా కొంచెమే. మనిషికి మాత్రం అది చాలా పెద్ద తేడా. మన చిట్టా మన చేతిలో ఉండాలి. అందులోంచి ఏది చూపించాలో, ఎప్పుడు చూపించాలో మనం నిర్ణయించుకోవాలి.

ఇంకొక మాట. చిట్టాలో ఇతరుల వాటా కూడా రాయండి. మైకేల్ రాస్, ఫియోర్ సికోలీ అనే పరిశోధకులు 1979లో ప్రచురించిన అధ్యయనంలో భార్యాభర్తలను విడివిడిగా కూర్చోబెట్టి, ఇంటి పనుల్లో మీ వాటా ఎంత అని అడిగారు. ఇద్దరి జవాబులూ కూడితే చాలా పనులకు నూరు శాతం దాటింది. అబద్ధమాడారని కాదు, ఎవరు చేసింది వాళ్ళకి బాగా గుర్తుంటుంది. ఆఫీసులోనూ అంతే. అందుకే, ఈ పనిలో మీతో ఇంకెవరున్నారు అన్న ప్రశ్నను కూడా ఏఐ చేత అడిగించుకోండి. అలా రాసినవాళ్ళ నివేదికను మేనేజర్లు ఎక్కువ నమ్ముతారు. పక్కవాళ్ళూ రేపు మన పేరు రాస్తారు.

ప్రమోషన్, ఇంక్రిమెంట్ పక్కన పెట్టినా ఈ అలవాటు విలువ తగ్గదు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆచార్యురాలు తెరెసా అమాబిలే, స్టీవెన్ క్రేమర్ కలిసి 7 కంపెనీల్లో 238 మంది ఉద్యోగుల చేత రోజూ డైరీ రాయించారు. దాదాపు 12,000 రోజుల రాతలు చదివి 2011లో పుస్తకంగా తెచ్చారు. వాళ్ళు తేల్చింది ఏమిటంటే, మనిషికి పనిలో మంచి రోజు అనిపించడానికి అన్నిటికంటే పెద్ద కారణం, అర్థమున్న పనిలో ఎంత చిన్నదైనా ఒక అడుగు ముందుకు పడటం. ఆ అడుగు పడిందని మనకి తెలియాలి కదా. రోజంతా ఒళ్ళు హూనం చేసుకుని, ఇవాళ ఏం చేశానో తెలియడం లేదు అనే మాట మనం ఎన్ని ఇళ్ళలో వింటున్నాం! ప్రసూతి సెలవు తర్వాత తిరిగి ఉద్యోగంలో చేరే తల్లులు, ఊరు మారి, దేశం మారి కొత్త ఉద్యోగం వెతుక్కునేవాళ్ళు, నాకేం వచ్చు అని కుంగిపోయే సమయంలో రెండేళ్ళ చిట్టా తెరిచి చూసుకుంటే కలిగే ధైర్యం ఇంకెవరూ ఇవ్వలేరు.

మొదలుపెట్టడానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. ఈ వారం ఫోన్‌లో ఒక నోట్సు తెరిచి, పని ముగిశాక రోజుకి రెండు వాక్యాలు పలకండి. శుక్రవారం వాటిని ఏఐకి ఇచ్చి ఆ నాలుగు ప్రశ్నలూ అడిగించుకోండి. నెల రోజులు అలవాటయ్యాక, క్యాలెండరూ టికెట్లూ వాటంతట అవే వచ్చి చేరే ఏర్పాటు చేసుకోండి. ఆటోమేషన్‌తో మొదలుపెడితే యంత్రం తెచ్చిన అంకెలే పని అనిపిస్తాయి. మాటతో మొదలుపెడితే ఆ అంకెల్లో ఏది పనో మనకి తెలుస్తుంది.

ఏది పనిగా లెక్కకొస్తుందో తేల్చేది రాసేవాళ్ళే. ఇన్నాళ్ళూ రాసే తీరిక పైవాళ్ళకే ఉండేది. ఇప్పుడు ఆ తీరికను ఒక యంత్రం ప్రతి ఉద్యోగికీ సమకూర్చి పెడుతోంది. కొత్తవాళ్ళకు నేర్పినది, జరగబోయే నష్టాన్ని ముందే ఆపినది, పది మందిని కలిపి నడిపినది కూడా పనేనని మన చేతులతో మనం రాసి ఉంచుదాం. ఆ మాట పలకడానికి ఎవరూ మొహమాటపడవద్దు.